ఊ లేక ఆగిన రాజు కథ

నా చిన్నప్పుడు కథకు ఇద్దరు కావాలి. చెప్పేవాళ్ళు ఒకరు, ఊ కొట్టేవాళ్ళు ఒకరు. చెప్పేవాళ్ళు ఎంత గొప్పవాళ్ళయినా ఎదుటివాళ్ళ నోట ఊ రాకపోతే కథ అక్కడే ఆగిపోయేది. వినేవాడు నిద్రపోయాడేమో తెలుసుకోవడానికి పెద్దలు పెట్టిన ఏర్పాటు అది అని చాలామంది అనుకుంటారు. మా నాయనమ్మ అలా అనుకోలేదు. ఊ అంటే ఒప్పుకోలు అనేది ఆమె. నువ్వు ఊ అన్నావంటే ఆ కథలో జరిగినదానికి నువ్వూ ఒక చెయ్యి వేసినట్టే.

ఇప్పుడు ఆ బాధ లేదు. సూర్యాపేటలో మా ఇంట్లో నా మనవరాలు ఫోను పట్టుకుని కూర్చుంటే అందులో రాజులు వరసగా వస్తారు, పోతారు. ఒకడి వెనక వెయ్యి ఏనుగులు, ఇంకొకడి కిరీటం నిండా వజ్రాలు. ఆ ఫోను ఎవరి ఊ కోసమూ ఆగదు. పిల్ల ఒప్పుకుందో లేదో దానికి పట్టదు, దాని పాటికి అది చెప్పుకుంటూ పోతుంది. పిల్ల నోరు తెరుచుకుని చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కోపం పిల్ల మీద కాదు. అడగడం నేర్పకుండా అన్నం కలిపి పెట్టినట్టు రాజులను కలిపి పెడుతున్నవాళ్ళ మీద.

పిల్లల సంగతి అలా ఉంచండి, పెద్దవాళ్ళకేం వచ్చింది? మొన్న కోదాడలో మా చెల్లెలి కొడుకు కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. హాల్లో గోడ నిండా వాడి బొమ్మే. తలపాగా, చేతిలో కత్తి, కింద గుర్రం. వాడు జన్మలో గుర్రం ఎక్కిన మనిషి కాదు, సిమెంటు దుకాణం వాడిది. భోజనాలయ్యాక చుట్టాలందరినీ ఆ బొమ్మ కింద కూర్చోబెట్టి, తమ వంశం పాతకాలం రాజుల దగ్గర సేనాపతుల వంశమని మొదలుపెట్టాడు. అందరూ ఊ కొట్టారు. ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా ఇదే గొడవ. అందరూ రాజుల మనవళ్ళే, మంత్రుల ముని మనవళ్ళే. ఆ రాజుల ఇళ్ళలో నీళ్ళు మోసినవాళ్ళకూ, ఊడ్చినవాళ్ళకూ, రాజకుమార్తె వెంట చెలికత్తెలుగా పోయినవాళ్ళకూ పిల్లలే పుట్టలేదా? ఆ మాటే నాకు మా ఊరినీ, మా నాయనమ్మనూ, పక్కింటి అక్కనూ గుర్తుకు తెచ్చింది.

మాది చివ్వెంల దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. ఇప్పుడు బస్సు వస్తుంది, అప్పుడు నడకే. ఊరి మధ్య గడి ఉండేది. గడి అంటే దొరగారి ఇల్లు. ఎత్తయిన గోడలు, ఏనుగు పట్టేంత తలుపు. ఊళ్ళో భూమి చాలావరకు వాళ్ళదే, దాని మీద పడి బతికేవాళ్ళం మేము. దొరతనం పోయిందని పట్నంలో అనుకునేవారట. మా ఊరికి ఆ కబురు నెమ్మదిగా నడిచి వస్తోంది, అప్పటికింకా చేరలేదు.

మా ఇంట్లో సాయంత్రం జొన్న రవ్వతో వండిన గట్క, దాంట్లోకి తొక్కు పచ్చడి. అది తిని మా నాయనమ్మ చుట్టూ చేరితే ఆమె రాజుల కథలు మొదలుపెట్టేది. పొద్దంతా పొలంలో వంగి వచ్చిన మనిషికి ఆ ఓపిక ఎక్కడినుంచి వచ్చేదో తెలియదు. మాకు రాజుల కథలంటే ఎందుకంత పిచ్చి అని ఇప్పుడు ఆలోచిస్తే, ముందు గుర్తొచ్చేది ఆ కథల్లోని భోజనాలే. గట్క తిన్న నోటితో మేము పాయసాల గురించి వినేవాళ్ళం. చిరుగుల లంగా కట్టుకుని పట్టు చీరల గురించి వినేవాళ్ళం. ఆకలిగా ఉన్నవాడికి రాజు కథ రుచిగా ఉంటుంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పక్కింటి అక్క మాకంటే కాస్త పెద్దది. నల్లగా, పొడుగ్గా ఉండేది, పెదాలు చుట్టి ఈల వేస్తే ఊరి చివర మేకలు తల ఎత్తేవి. మేము రాజుల ఆట ఆడితే రాణి ఎప్పుడూ ఆమే. తంగేడు పూలు గుచ్చి కిరీటం కట్టేవాళ్ళం. మిగిలిన పిల్లలు రాణి అయితే కొట్టండి, కట్టేయండి అని కేకలు పెట్టేవారు. అక్క రాణి అయితే మొదటి ఆజ్ఞ ఒకటే, అందరికీ అన్నం పెట్టమని. మట్టి అన్నమే, ఆకు విస్తరే. కానీ ఎవరికైనా తక్కువ పడితే రాణిగారే గద్దె దిగి వచ్చి వడ్డించేది.

ఆ ఏడు గడిలో చిన్న దొరసానికి పెండ్లి కుదిరింది. మగపెండ్లివాళ్ళు మిర్యాలగూడ అవతల, హాలియా వైపు పెద్ద కుటుంబం. ఊరంతా గడి పనిలోనే ఉంది. ఒకరు కట్టెలు కొట్టాలి, ఒకరు గోడలకు సున్నం వేయాలి. మా నాయనమ్మ వంతుకు విస్తర్లు వచ్చాయి. మోదుగాకులు ముందు పోసుకుని ఈనెలతో కుడుతూ కూర్చునేది. ఆ పనికి కూలి ఏమిటని ఎవరూ అడగలేదు, గడి పనికి కూలి అడిగే అలవాటు మా ఊళ్ళో లేదు.

ఆ రోజుల్లోనే గడి నుంచి పక్కింటికి కబురు వచ్చింది. పెండ్లికూతురి వెంట అక్కను పంపాలని. పెండ్లికి కాదు, శాశ్వతంగా. ఆడబాప అనేవారు అలా పోయిన పిల్లను. మంచాలు, బిందెలు, పశువులు పంపినట్టు పెండ్లికూతురితో ఒక పిల్లను కూడా పంపేవారు. ఆమె అక్కడే పని చేయాలి, అక్కడే ఉండిపోవాలి. పెండ్లి అంటూ ఉండదు. ఆ ఇంటి మగవాళ్ళు ఏమన్నా, ఏం చేసినా నోరెత్తకూడదు. ఈ సంగతులు నాకు పెద్దయ్యాక తెలిశాయి.

అప్పుడు మాత్రం ఊళ్ళో చాలామంది అది అదృష్టమన్నారు. రోజూ బియ్యపు అన్నం దొరుకుతుందని, దొరసాని కట్టి విడిచిన చీరలు వస్తాయని. అక్క వాళ్ళ నాయన గడి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఊ అని వచ్చాడు. వద్దంటే కౌలు భూమి పోతుంది. అక్క తల్లి గడిలోనే పని చేసేది. ఆమెను ఎవరూ అడగలేదు. అక్క ఈల వేయడం మానేసింది. మేము ఆటకు పిలిస్తే వాకిట్లోకి వచ్చి నిలబడేది గాని ఆడేది కాదు.

ఒక సాయంత్రం నాయనమ్మ విస్తర్లు కుడుతూ ఎప్పటిలా కథ ఎత్తుకుంది. ఒక రాజు, ఆయనకు లేక లేక పుట్టిన కూతురు. కూతురికి పెండ్లి అయింది, ఆమె వెంట ఒక చెలికత్తెను పంపారు. నేను అలవాటుగా ఊ అన్నాను. నాయనమ్మ చేతిలో ఈనె ఆగింది. ఆమె నా వైపు తిరిగి, కోపం లేకుండానే అడిగింది.

"ఊ అన్నవ్ గదా. గా పిల్లను తోలిచ్చుడు నీకు నచ్చిందా?"

కథల్లో చెలికత్తె ఎప్పుడూ పోతుంది. పోయి రాజకుమార్తెకు పూలు కోస్తుంది, నవ్విస్తుంది. ఆ చెలికత్తెకు ఇల్లు ఉంటుందని, ఇంట్లో తల్లి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. నచ్చలేదని మెల్లగా అన్నాను. మరి నచ్చకపోతే ఊ ఎందుకన్నావంది. నువ్వు ఊ అంటేనే కదా రాజు ముందుకు పోయేది అంది. ఆ రోజు ఆ కథ అక్కడితో ఆపేసి విస్తర్ల కట్ట కట్టుకుంది. నేను కాసేపు ఏడ్చాను కూడా. కథ ఆగినందుకో, అక్క పోతున్నందుకో అప్పుడు నాకే తెలియదు.

ఆగిన కథ అంటే మా వైపు ఒక పట్టింపు ఉండేది. మామూలు ఇంట్లో ఆగితే ఆగింది. పెండ్లి ఇంట్లో మాత్రం ఎత్తుకున్న కథ కంచికి పోవాల్సిందే. సగంలో ఆగితే ఆ కథలోని కష్టం ఆ ఇంట్లోనే కాపురం పెడుతుందని నమ్మేవారు. గడిలో వాళ్ళకు ఈ నమ్మకం మాకంటే ఎక్కువ, పోగొట్టుకునేది వాళ్ళకే ఎక్కువ కదా.

మర్నాడు గడిలో పెండ్లి బియ్యం చెరిగే పని. ఊరి ఆడవాళ్ళందరూ చాటలు పట్టుకుని పెద్ద వాకిట్లో కూర్చున్నారు. మా అమ్మ పక్కన నేను. కొంచెం అవతల అక్క తల్లి. అక్క బిందెతో నీళ్ళు తెచ్చి గోలెంలో పోస్తోంది. అరుగు మీద ఉయ్యాల బల్లలో దొరసాని, ఆమె పక్కన పెండ్లికూతురు, గోడకు ఆనుకుని దొరగారి తల్లి. ఇలాంటి పనుల్లో కథ చెప్పడానికి నాయనమ్మను పిలవడం గడిలో మామూలే. ఆమె కథ చెబుతుంటే చేతులకు అలుపు తెలియదని వాళ్ళ లెక్క. ఊ కొట్టేది మాత్రం కింద కూర్చున్నవాళ్ళే. అరుగు మీదివాళ్ళు ఊ కొడితే వాళ్ళకు చిన్నతనం.

నాయనమ్మ అదే కథ ఎత్తుకుంది. రాజుగారి వైభవం చెప్పింది, ఆడవాళ్ళు ఊ అన్నారు. కూతురి అందం చెప్పింది, ఊ అన్నారు. పెండ్లి పందిరి, వంటలు, ఏనుగుల వరస. అరుగు మీద దొరసాని ముఖం వెలిగిపోతోంది, తన ఇంటి పెండ్లే చెబుతున్నట్టు. అప్పుడు నాయనమ్మ అంది, ఆ ఊళ్ళో ఒక పేద ఇంటి పిల్ల ఉంది, రాజుగారు మంచాలతో బిందెలతో పాటు ఆ పిల్లను కూడా తన కూతురి వెంట పంపమన్నాడు అని. అని ఆగింది.

ఊ రాలేదు.

చాటల చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గిపోయింది. ముందు మా అమ్మ చాట ఆగింది, తర్వాత ఆమె పక్కామె చాట. అందరూ బియ్యంలోకి చూస్తున్నారు, అక్కడేదో రాయి కనపడ్డట్టు. ఇది ముందే అనుకున్నారో, అప్పటికప్పుడు అలా కుదిరిందో నాకు ఈనాటికీ తెలియదు. మా అమ్మను ఎన్నోసార్లు అడిగాను, ఆమె నవ్వి ఊరుకునేది. నా నోటి దాకా వచ్చిన ఊ మాత్రం నేను మింగేశాను.

దొరసాని కాసేపు చూసి, ముసలిదానా ఎందుకాగావు, చెప్పు అంది. నాయనమ్మ ఎంతో వినయంగా జవాబిచ్చింది.

"ఊ వస్తలేదు దొరసాని. ఊ లేంది కథ ఎట్ల నడుస్తది?"

దొరసాని ఆడవాళ్ళ వైపు తిరిగి ఊ అనమంది. ఎవరూ తల ఎత్తలేదు. వాళ్ళలో ఒకామె మాత్రం, గొంతు ఎండింది దొరసాని అంది. నీళ్ళు తెప్పించారు. అందరూ తాగారు. చెంబు ఒకరి చేతినుంచి ఒకరికి పోయి మళ్ళీ గోలెం దగ్గరికి వచ్చింది. ఊ మాత్రం రాలేదు. కోపం పట్టలేక దొరసాని కథ ఆపెయ్యమని లేచింది. అప్పుడు కదిలింది దొరగారి తల్లి. ఆ ముసలావిడ ముఖం పాలిపోయింది. పెండ్లి ఇంట్లో కథ ఆపడమా, పిల్ల కాపురం ఏమవ్వాలి అని కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది. చెప్పమంటే ఊ లేదు, ఆపమంటే అరిష్టం. దొరసాని కూర్చోవాలో పోవాలో తెలియక ఉయ్యాల గొలుసు పట్టుకుని నిలబడిపోయింది.

అంతవరకూ మాట్లాడని పెండ్లికూతురు అప్పుడు అడిగింది, ఆ పిల్ల తల్లి ఏమంది అని. నిజంగా కథ మీద ఆసక్తితోనే అడిగిందో, అర్థమయ్యే అడిగిందో. ఆమెకూ ఎంత వయసని, అక్క కంటే ఒక ఏడు పెద్దదేమో.

"రాజుల కథల్ల ఆమెకు మాట పెట్టలే చిన్న దొరసాని," అంది నాయనమ్మ. "తల్లి అయినోళ్ళను ఎవరినన్న అడిగితే తెలుస్తది."

అక్క తల్లి చాట కింద పెట్టింది. ఆమె గడిలో అన్నేళ్ళు పని చేసినా ఆమె గొంతు ఎలా ఉంటుందో అరుగు మీదివాళ్ళు విని ఉండరు. నేల చూస్తూనే అంది.

"నా బిడ్డను నేను పంప."

అప్పుడు వచ్చింది ఊ. వాకిట్లో ఉన్న ప్రతి ఆడమనిషి నోటినుంచీ ఒక్కసారే వచ్చింది. అంత పెద్ద ఊ నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. నేనూ గొంతు చించుకుని అన్నాను. గోలెం దగ్గర అక్క బిందె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ముఖం మీద నీళ్ళు. చాటలు మళ్ళీ కదిలాయి. నాయనమ్మ గొంతు మార్చకుండా కథ నడిపించింది. రాజు బిత్తరపోయాడంది, ఆయన కూతురు ఒంటరిగానే అత్తవారింటికి పోయి తన నీళ్ళు తాను తోడుకోవడం నేర్చుకుందంది, సుఖంగానే ఉందంది. ప్రతి మాటకూ ఊ పడింది. కథ కంచికి పోయింది. దొరగారి తల్లి దండం పెట్టుకుంది.

పెండ్లి అయ్యాక బండ్లు కట్టుకుని వాళ్ళు వెళ్తుంటే మేము గోడ పక్కన నిలబడి చూశాం. మంచాలు పోయాయి, బిందెలు పోయాయి, పాడి బర్రెలు పోయాయి. అక్క పోలేదు. మా పక్కనే నిలబడి ఉంది. పెండ్లికూతురు వద్దన్నదో, ముసలావిడ భయపడిందో, నలుగురు ఆడవాళ్ళ నోట పడిన విషయం మగపెండ్లివాళ్ళ దాకా పోతుందని దొరగారు వెనక్కి తగ్గారో ఎవరూ చెప్పలేదు. గడి ఎప్పుడూ కారణాలు చెప్పదు.

అంతా సుఖంగా ముగిసిందని అనుకోవద్దు. అక్క తల్లికి గడిలో పని పోయింది. కౌలు భూమి సగం పోయింది. నాయనమ్మను మళ్ళీ కథకు పిలవలేదు, మా నాయన ఇంట్లో చాలా రోజులు చిరాకుపడ్డాడు. ఒక తల్లి తన బిడ్డను పంపనని చెప్పడానికి ఒక ఊరు ఇంత మోయాలా అని నాకు ఈ వయసులో కూడా మండుతుంది. రాజు అని కథ చెబితే గాని ఆ మాట నోటికి రాలేదే అని ఇంకా మండుతుంది. అదే నాయనమ్మతో ఒకసారి అన్నాను, అంత తిప్పి చెప్పడం ఎందుకు, నేరుగా అనవచ్చు కదా అని. ఆమె నా తల దువ్వుతూ చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"దొరను దొర అని అంటే నాలుక కోస్తరు బిడ్డా. గదే రాజు అని అంటే కూసోని ఇంటరు. గందుకే నాకు రాజుల కథలు కావాలె."

రాజుల కథల మీద నాకు అందుకే కోపం లేదు. ఎంత పెద్ద గోడలున్న ఇంట్లోకైనా ఆ కథలు చెప్పులు విప్పకుండానే పోగలవు. పాయసాల కోసం, పట్టు చీరల కోసం కూర్చున్నవాళ్ళ చేతిలో ఒక ప్రశ్న పెట్టి పంపగలవు. నా కోపమంతా ఆ ప్రశ్న తీసేసి, పాయసం ఒక్కటే వడ్డించేవాళ్ళ మీద.

అక్క పెండ్లి చేసుకుంది. మిర్యాలగూడలో బియ్యం మిల్లులో పనిచేసింది, పిల్లలను చదివించింది. పెద్దదయ్యాక కూడా ఎక్కడైనా బంతిలో కూర్చుంటే పక్కవాళ్ళ విస్తరిలోకి చూసేది, ఎవరికైనా తక్కువ పడిందేమోనని. నాయనమ్మ ఎప్పుడో పోయింది. గడి గోడలు కూడా పడిపోయాయి, ఇప్పుడు అక్కడ కంపచెట్లు. నేను అంగన్వాడీలో పిల్లలకు కథలు చెప్పి చెప్పి ముసలిదాన్నయ్యాను. ప్రతి రాజు కథలోనూ ఆపాను, ప్రతి చెలికత్తె దగ్గరా ఆపి ఇది మీకు నచ్చిందా అని అడిగాను. పై అధికారులు వచ్చి పిల్లలకు ఇవన్నీ ఎందుకమ్మా అన్నారు. వాళ్ళకూ నేను ఊ అనలేదు.

కోదాడలో ఆ రోజు మా చెల్లెలి కొడుకు సేనాపతుల వంశం ఇంకా ఇంకా పొడిగించుకుంటూ పోయాడు. వాళ్ళ పూర్వీకుడు ఏదో యుద్ధం గెలిచాడట. రాజుగారు మెచ్చి మడులు, మాన్యాలు, వంద మంది దాసీలను కానుకగా ఇచ్చాడట. ఆ మాట వాడు ఎంత గర్వంగా అన్నాడో. సోఫాల మీద కూర్చున్న చదువుకున్న చుట్టాలందరూ ఊ అన్నారు. ఆడవాళ్ళూ అన్నారు. నా మనవరాలు ఫోను మీదినుంచి తల ఎత్తి నా వైపు చూసింది. నాకు ఆ వాకిలి, ఆగిపోయిన చాటలు కళ్ళముందు కనిపించాయి, నేల చూస్తున్న ఆ తల్లి కనిపించింది. వంద మంది దాసీలంటే వంద మంది తల్లులు కదరా అని గొంతు దాకా వచ్చింది.

అందరూ ఊ కొడుతుంటే నేనొక్కదాన్నే ఊరుకోవడం వాడు గమనించాడు.

"ఏంటి పెద్దమ్మా, నువ్వేం మాట్లాడవు?" అన్నాడు.

"గొంతు ఎండింది బిడ్డా," అన్నాను.

పాపం, పరుగున పోయి చల్లటి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నా ముందే నిలబడ్డాడు. మొత్తం తాగాను. ఊ మాత్రం అనలేదు.